పాలిష్ మిషన్ కింద ఒక ధర్మసందేహం

దసరాకు వారం ముందు కారు డీటెయిలింగ్ షాపుల్లో ఊపిరి సలపని పని. ఆయుధపూజ నాటికి బండి అద్దంలా మెరవాలి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే వేళకు బానెట్ మీద గీతన్నది కనబడకూడదు. పొద్దుగూకేలోగా నాలుగో కారు కూడా అప్పగించెయ్యాలన్న తొందరలో ఒక కుర్రాడు రోటరీ మిషన్‌ను బానెట్ అంచు మీద రెండు క్షణాలు ఎక్కువ నిలుపుతాడు. కాంపౌండ్ పూసిన ప్యాడ్ అప్పటిదాకా తెల్లగానే ఉంది. ఇప్పుడు దాని మీద ఎర్రటి మరక.

కారు రంగు ఎరుపు. ఆ మరకకు అర్థమేమిటో పని తెలిసినవాళ్లకు తెలుసు. పాత తరం ఒకే పొర పెయింట్లలో ప్యాడ్‌కు రంగు అంటడం మామూలే. ఇప్పటి కార్లకు రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర వేస్తారు. ప్యాడ్‌కు రంగు తగిలిందంటే అక్కడ ఆ పొర అరిగిపోయినట్టే. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా రాదు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పలచన. అంచుల దగ్గర, మడతల దగ్గర పెయింటు ఇంకా పలచగా ఉంటుంది, వేడీ అక్కడే పోగుపడుతుంది. ఒకసారి పోయిన క్లియర్ కోట్ ఏ వ్యాక్స్‌తోనూ తిరిగి రాదు, ఆ భాగానికి మళ్లీ పెయింటు వెయ్యాల్సిందే.

మర్నాడు ఎండలో రూపాయి బిళ్లంత మచ్చ వెలవెలబోతూ కనిపిస్తుంది. యజమాని షాపుకు పరుగెడతాడు. అక్కడ వినిపించే మొదటి మాట: “కావాలని చేశామా సార్?”

ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. మనసులో చెడు తలపు లేనప్పుడు చేతి పొరపాటు పాపమవుతుందా?

బౌద్ధాన్ని అడిగితే షాపువాడికి ధైర్యం వచ్చే జవాబే దొరుకుతుంది. ధమ్మపద అట్ఠకథలో మొట్టమొదటి కథ చక్ఖుపాలుడనే అంధ భిక్షువుది. వాన వెలిశాక ఆయన నడిచిన దారిలో పురుగులు నలిగి చచ్చాయి. తోటి భిక్షువులు ఫిర్యాదు చేస్తే, ఆయనకు చంపాలన్న తలపు లేదు కనుక దోషం లేదన్నాడు బుద్ధుడు. బౌద్ధంలో చేతనే, అంటే సంకల్పమే, కర్మ. అయితే చక్ఖుపాలుడికి కళ్లు లేవు. మిషన్ పట్టిన కుర్రాడికి ఉన్నాయి. పెయింటు మందం కొలిచే గేజీ, ఆ షాపులో ఉంటే, చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉంటుంది.

జైనం ఇక్కడ పట్టు వదలదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ ప్రాణం పోవడంతో పాటు ప్రమాదాన్ని, అంటే ఏమరుపాటును కూడా చేర్చింది. తెలుగులో ప్రమాదమంటే యాక్సిడెంట్ అయిపోయింది కానీ, మాటకు మూలార్థం పరాకే. భగవద్గీత 18వ అధ్యాయం 25వ శ్లోకం తామస కర్మను వర్ణించే తీరు డీటెయిలింగ్ షాపు గోడకు తగిలించుకోదగ్గది. పర్యవసానం, నష్టం, ఇతరులకు కలిగే బాధ, తన శక్తి, ఈ నాలుగూ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పని తామసమట. నాలుగోది గమనించండి. తనకు చేతనవునో కాదో తేల్చుకోకపోవడమూ దోషమే.

పాపం సంగతి అలా ఉంచి, పరిహారం దగ్గరకొస్తే మతాలు వ్యాపారుల్లా ఖచ్చితంగా మాట్లాడతాయి. సుమారు క్రీ.శ. 200 నాటి యూదుల మిష్నాలో సరిగ్గా ఇలాంటి కేసే ఉంది. అద్దకం వేసేవాడికి ఉన్ని ఇస్తే అది బానలో మాడిపోయింది. ఉన్ని వెల కట్టివ్వాలన్నది తీర్పు. 12వ శతాబ్దపు హనఫీ న్యాయగ్రంథం హిదాయా చాకలిని ఉదాహరణగా తీసుకుంది. బాదినప్పుడు బట్ట చిరిగితే బాధ్యత బాదినవాడిదే. కావాలని చింపాడా అని ఎవరూ అడగలేదు. దోషం దేవుడి లెక్క, బాకీ మనుషుల లెక్క అని రెండు ఖాతాలు విడదీశారన్న మాట. “కావాలని చెయ్యలేదు” అన్న సమాధానం మొదటి ఖాతాలో కొంత చెల్లుతుంది, రెండో దాంట్లో చెల్లదు.

మరి కట్టేదెవరు? చాలా షాపుల్లో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు, కుర్రాడి జీతంలోంచి కోత. యూదుల తాల్ముద్‌లో ఒక కథ ఉంది. ఒక పండితుడి ద్రాక్షసారా పీపాను కూలీలు పగలగొట్టారు. ఆయన నష్టానికి బదులుగా వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు రవ్ అనే న్యాయవేత్త దగ్గర మొరపెట్టుకున్నారు. బట్టలిచ్చెయ్యమన్నాడాయన. ఇదేనా చట్టం అని పండితుడు నిలదీస్తే, అవునన్నాడు. అంతటితో ఆగక కూలీలు, రోజంతా చాకిరీ చేశాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదన్నారు. కూలి కూడా ఇచ్చి పంపమన్నాడు రవ్. పండితుడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు, మళ్లీ అదే జవాబు వచ్చింది.

దీన్నిబట్టి షాపు యజమాని కూడా తప్పించుకోవచ్చు అనుకుంటే పొరపాటే. రవ్ కనికరం రోజుకూలీల మీద. రోజుకు నాలుగు కార్లని లెక్క పెట్టినవాడు, గేజీ కొనివ్వనివాడు, నేర్పకుండా మిషన్ చేతికిచ్చినవాడు ఆ కూలీల వరసలోకి రాడు. లాభం ఎవరి గల్లాపెట్టెలో పడుతుందో నష్టం కూడా అక్కడినుంచే రావాలి.

కారు యజమానికీ ఒక కథ ఉంది, మన ఆదిపర్వంలోదే. చిన్నప్పుడు గడ్డిపరకతో పురుగుల్ని గుచ్చాడని మాండవ్య మునికి యముడు శూలం శిక్ష రాశాడు. తప్పుకూ శిక్షకూ పొంతన లేదని ముని యముణ్ణే శపించాడు, యముడు విదురుడై పుట్టాడు. రూపాయి బిళ్లంత మచ్చకు కుర్రాడి చొక్కా పట్టుకునేవాళ్లు, షాపు ముందు జనాన్ని పోగుచేసి వీడియో తీసేవాళ్లు ఈ కథ ఒకసారి తలుచుకోవాలి. కోపం న్యాయమే, కొలత ముఖ్యం.

పండగకు బండి ఇచ్చేవాళ్లు ముందు ఎండలో నాలుగువైపులా ఫొటోలు తీసుకోండి. మిషన్ పెట్టకముందు గేజీతో కొలిచి, అంకెలు బిల్లు మీద రాయించుకోండి. మామూలు గేజీ ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచెయ్యదు కనుక అక్కడ పాలిష్ తేలిగ్గా పట్టమని చెప్పండి. అయినా మచ్చ పడితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపంలో నిర్లక్ష్యాన్ని కూడా చేర్చింది. జిల్లా కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. ఆ ఫిర్యాదులో ప్రతివాదిగా రాయాల్సింది షాపు పేరు.