ఆవాహన లేని అమ్మ: బతుకమ్మ పండుగ, అధికార ప్రశ్న

భారతీయ కర్మచింతనలో ‘అధికారం’ అంటే పెత్తనం కాదు. ఒక కర్మను ఆచరించి దాని ఫలాన్ని పొందడానికి ఎవరు అర్హులన్న ప్రశ్నకు అది పేరు. జైమిని మీమాంసా సూత్రాలలో ఆరవ అధ్యాయమంతా ఈ విచారణే. యజ్ఞంలో స్త్రీకి పాలుందా, ఉంటే భర్తతో కూడి మాత్రమేనా అన్న వాదం కూడా అందులోనిదే. ఆగమాలు ఆ ప్రశ్నను గుడిలోకి తెచ్చి, దీక్ష పొందిన అర్చకుడు ఆవాహన చేసిన తరువాతనే, అనగా మంత్రంతో దేవతను పిలిచి బింబంలో నెలకొల్పిన తరువాతనే, పూజ పూజ అవుతుందని నిర్ణయించాయి. తెలంగాణ పల్లెల్లో భాద్రపద అమావాస్య నాడు మొదలై దుర్గాష్టమి దాకా తొమ్మిది రోజులు సాగే బతుకమ్మ పండుగలో అర్చకుడు లేడు, ఆవాహన లేదు, ధర్మకర్త లేడు, గుడి అసలే లేదు. అయినా తొమ్మిదవ నాటి సాయంత్రం చెరువు గట్టు మీద ఉన్నది పూల కుప్ప అని ఊళ్లో ఎవరూ అనరు, అమ్మ అనే అంటారు. ఆ పూలను అమ్మగా చేసినదేమిటన్నదే ఇక్కడి విచారం.

పండుగ ఏర్పాటులోనే సమాధానం కొంత దొరుకుతుంది. తంగేడు, గునుగు పొలం గట్ల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండానే పూస్తాయి. వాటిని కోసుకురావడం చాలా ఇళ్లలో మగవాళ్లకూ పిల్లలకూ పడే పని. గునుగు కంకులకు రంగులద్ది, సిబ్బిలోనో తాంబాలంలోనో గుమ్మడి ఆకులు పరిచి, వరుస మీద వరుసగా శిఖరంలా కూర్చడాన్ని ‘పేర్చడం’ అంటారు. ఆ పని ఇంటి ఆడవాళ్లది. పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను నిలిపేదీ వారే. వాకిట్లోనో గుడి ముందరి ఖాళీ స్థలంలోనో బతుకమ్మలన్నిటినీ ఒక్కచోట పెట్టి, చుట్టూ తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ పాడతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవారు ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో అందుకుంటారు. ఎత్తుకునే ఆమెను ఎవరూ నియమించరు, పాట వచ్చినదే ఆమె అర్హత. ఏ కేంద్రమూ శాసించని పండుగ కనుకనే ఊరికొక ఆచారం నిలిచింది. వేములవాడ ప్రాంతంలో ముగింపు రోజైన సద్దుల బతుకమ్మ ఏడవ రోజునే జరగడం అందుకొక నిదర్శనం. బతుకమ్మను ‘పూజించడం’ కన్న ‘ఆడడం’ అన్న మాటే జనం నోట ఎక్కువగా వినిపించడం గమనించదగినది. సృష్టికి ప్రయోజనం వెతకబోయి, చివరకు దానిని లీల అని చెప్పిన బ్రహ్మసూత్రాల వేదాంతులకు ఈ క్రియాపదం కొత్తగా తోచి ఉండేది కాదు.

ఇంతకన్న చిక్కైనది మొదటి రోజు పేరు. దానిని ఎంగిలి పూల బతుకమ్మ అంటారు. నోరు తగిలినది, వాడినది ఎంగిలి. ఆచారపూజలో దానికి చోటు లేదు. పేరుకు కారణం చెప్పేవారు ముందునాడే కోసి నిలవ ఉంచిన పూలు కావడమని ఒకరు, కాడలను నోటితో కొరికి తుంచడమని ఒకరు, పెత్రమాస, అంటే ఆ భాద్రపద అమావాస్య నాడు పెద్దలకు పెట్టి తిన్న తరువాత ఆడడమని మరొకరు అంటారు. ఏది నిజమైనా, నైవేద్యానికి పనికిరాని మాటను పండుగ తన నుదుటనే రాసుకుంది. సంప్రదాయానికి ఈ ధోరణి పూర్తిగా అపరిచితమూ కాదు. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో చెప్పిన తిన్నడు పుక్కిట పట్టి తెచ్చిన నీటితో శివునికి అభిషేకం చేశాడు. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యానికి పెట్టిన ‘ఆముక్తమాల్యద’ అన్న పేరుకు తాను ముడిచి విడిచిన మాలను దేవునికి ఇచ్చినది అనే అర్థం. ఆమె గోదాదేవి. అయితే తిన్నడు, గోదాదేవి అసాధారణ భక్తులు. శాస్త్రం వారిని మినహాయింపుగా మన్నించి ఊరుకోగలిగింది. బతుకమ్మలో మినహాయింపే నియమం. ఒక భక్తురాలికి కాదు, ఊరి ఆడవాళ్లందరికీ ఏటేటా ఎంగిలి పూలు పేర్చే అర్హత ఉంది.

రాయల కావ్యంలోనే మరొక ఆధారం ఉంది. గోదను పెంచిన తండ్రి విష్ణుచిత్తుడు తమిళ సంప్రదాయంలో పెరియాళ్వారు. దేవునికే దీర్ఘాయువు కోరి పాడినవాడని ఆయనకు ప్రఖ్యాతి. భక్తుడు దేవుణ్ణి ఆశీర్వదించడాన్ని వైష్ణవులు మంగళాశాసనం అంటారు. బతుకమ్మ పేరు పుట్టుకకు చెప్పుకునే కథ సరిగ్గా ఈ దారిలోనే నడుస్తుంది. చోళరాజు ధర్మాంగదుడు, అతని భార్య సత్యవతి నూరుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకుని తపస్సు చేయగా లక్ష్మి వారికి బిడ్డగా పుట్టిందనీ, చూడవచ్చిన మునులు ఆ శిశువు బతకాలని దీవించి ఆ పేరు పెట్టారనీ కథ. చోళుల పేరు రాగానే వేములవాడ రాజరాజేశ్వరుణ్ణి, తంజావూరు బృహదీశ్వరాలయాన్ని ముడివేసి పండుగకు శతాబ్దాన్ని నిర్ణయించబూనేవారు ఉన్నారు. కథను శాసనంగా చదవడం కథకూ మేలు చేయదు, చరిత్రకూ చేయదు. కథ చెప్పే సత్యం వేరు. ‘బతుకమ్మ’ అన్నది బతుకునిచ్చే తల్లి అని చదివినంత సులువుగానే ‘బతుకు, అమ్మా’ అన్న దీవెనగానూ చదవవచ్చు. రెండవ అర్థంలో ఆరాధకురాలే ఇచ్చేది, దేవతే పుచ్చుకునేది. అమ్మవారు అప్పుడు తల్లి కాదు, పసిబిడ్డ. అత్తవారిళ్ల నుంచి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఆడే పండుగలో దేవత కూడా ఆడబిడ్డే కావడం యాదృచ్ఛికం కాదు. ఆరవ రోజును అలిగిన బతుకమ్మ అంటారు. ఆ రోజు పేర్చరు, ఆడరు. అలిగిన పిల్లను కదిలించకూడదు కదా.

బిడ్డ అన్నాక సాగనంపక తప్పదు. శైవాగమాలు ఇసుకతోనో మట్టితోనో పూలతోనో చేసి, పూజ కాగానే విడిచిపెట్టే లింగాన్ని క్షణిక లింగం అన్నాయి. మంత్రంతో వచ్చిన దేవత ఉద్వాసన మంత్రంతో, అంటే వీడ్కోలు మంత్రంతో వెళ్లిపోతుంది. బతుకమ్మకు వీడ్కోలు చెప్పేది మంత్రం కాదు, చెరువు నీళ్లు. తంగేడూ గునుగూ నీటిని శుద్ధి చేస్తాయని, కనుక నిమజ్జనం వెనుక విజ్ఞానం ఉందని ఈ మధ్య తరచుగా చెబుతున్నారు. ఆ పూలకు ఔషధ గుణాలు ఉంటే ఉండవచ్చు. కానీ చెరువులో నిలబడి సిబ్బిని నీటికి వదిలే స్త్రీ నీటి శుద్ధి కోసం వదలడం లేదు. ఆచారానికి ప్రయోజనాన్ని అతికించి కాపాడాలనుకోవడం దాని మీద నమ్మకం లేకపోవడానికే గుర్తు.

అర్హత అందరిదీ అన్న మాటను అతిగా నమ్మకూడదన్నదీ నిజమే. వాడవాడకు వేరుగా బతుకమ్మలు ఆడిన ఊళ్లున్నాయి. దళిత స్త్రీల బతుకమ్మ ఊరి నడుమకు రాని చోట్లు ఉన్నాయి. ముత్తైదువలు ఒకరికొకరు పసుపు కుంకుమలు ఇచ్చుకునే వేళ భర్త పోయిన స్త్రీ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. అర్చకుని అధికారం లేని చోట కులం, ముత్తైదువతనం ఆ పనిని చేశాయి. తెలంగాణ ఉద్యమంలో ఈ పండుగ రోడ్ల మీదికి వచ్చి నిరసన రూపం తీసుకున్నప్పుడు ఆ గీతలు కొంత చెరిగాయి. 2014లో రాష్ట్రం ఏర్పడి ఇది రాష్ట్ర పండుగ అయ్యాక వేదికలు, విద్యుద్దీపాలు, 2017 నుంచి ప్రభుత్వం పంచిన చీరలు వచ్చాయి. ఊళ్లో మాత్రం పువ్వు కోసేవారిని, పేర్చేవారిని, పాట ఎత్తుకునేవారిని ఇప్పటికీ ఎవరూ నియమించడం లేదు.

సద్దుల నాడు నిమజ్జనానికి ముందు పసుపు గౌరమ్మను శిఖరం మీద నుంచి తీసి దాచుకుంటారు. పూలు నీటిలో తేలిపోయాక ఆ పసుపును పుస్తెలకు అద్దుకుని, రొట్టెలను బెల్లంతో నలిపి చేసిన మలీదను, తెచ్చిన సద్దులను ఒకరికొకరు పంచుకుని, ఖాళీ సిబ్బులతో ఇళ్లకు నడుస్తారు.