కనిపించని ఉపకారం

తెలుగులో మందు అంటే రోగం తగ్గించేది. పాతర అంటే రైతు ధాన్యం దాచుకునేది. కరువు రోజున పిల్లల నోటికి నాలుగు గింజలు అందాలన్న ముందుచూపుతో తవ్వుకున్న గొయ్యి. ఇంత చల్లని మాటలు రెండూ కలిసి ‘మందుపాతర’ అయ్యేసరికి ఎంత పాడుమాట అయిందో చూడండి! ఇదీ నేలలో దాచేదే. ఇందులోనూ ముందుచూపు ఉంది. కాకపోతే ఎవరి కాలు ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చునే ముందుచూపు.

తుపాకీ పేలాలంటే దాని వెనకాల ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి అలసట ఉంటుంది, ఇంటి మీద బెంగ ఉంటుంది. సంధి కుదిరిందంటే తుపాకీ దించి ఇంటికి పోతాడు. మందుపాతరకి ఇల్లూ లేదు, బెంగా లేదు. యుద్ధం అయిపోయిందని దానికి చెప్పేవాళ్ళెవరు? మన పొరుగున శ్రీలంకలో 1983లో మొదలైన యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. అటు సైన్యమూ, ఇటు ఎల్.టి.టి.ఇ. వాళ్ళూ పాతిన మందుపాతరలు మాత్రం ఉత్తరాది పొలాల్లో, తోటల్లో అలాగే ఉండిపోయాయి. జాఫ్నా వెళ్ళే దారిలో ముహమాలై అనే ఊరుంది. రెండు పక్షాలూ ఏళ్ళ తరబడి అక్కడ ఎదురెదురుగా మోహరించి ఉండటంతో ఆ నేలలో అవి మరీ దట్టంగా పడ్డాయి.

ఈ సంగతి చెబుతూంటే మా పక్కింటి పిన్నిగారు అడ్డు తగిలారు. “వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని పాతుకున్నారు. పాతినవాళ్ళే తీసుకోవాలి గానీ మధ్యన జపాను వాడూ, నార్వే వాడూ, మనమూ డబ్బు పొయ్యడమేమిటమ్మా?”

నిజమే, మన డబ్బూ వెళ్ళింది. యుద్ధం ముగిశాక మన మాజీ సైనికుల బృందాలు మన ప్రభుత్వం ఖర్చుతో అక్కడ మందుపాతరలు తీశాయి. పిన్నిగారి న్యాయం ఇళ్ళల్లో చెల్లుతుంది. పాలు ఒలకబోసిన పిల్లాడి చేతే గుడ్డ పట్టించి తుడిపిస్తాం. కాని ఇక్కడ ఒలకబోసింది ఒకరు, జారిపడేది వేరొకరు. 2009 తర్వాత పుట్టిన పిల్లకి ఏ పక్షమూ లేదు. తప్పిపోయిన మేక వెంట పరిగెత్తడమే దానికి తెలుసు. తప్పెవరిదో తేలేదాకా నువ్వు ఇల్లు కదలొద్దని ఆ పిల్లతో ఎవరు చెబుతారు? పాతినందుకు శిక్ష ఎవరికన్నది ఒక లెక్క. తియ్యవలసింది ఎవరన్నది ఇంకో లెక్క. మొదటిది నేరం చేసినవాళ్ళ మీద పడుతుంది. రెండోది చెయ్యగలిగినవాళ్ళ మీద పడుతుంది.

అక్కడ మందుపాతరలు తీసేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకుని ఇంటికి తామే దిక్కయినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఒంటికి బరువైన కవచం, మొహానికి అద్దంలాంటి తొడుగు వేసుకుని ఎండలో మోకాళ్ళ మీద కూచుంటారు. నేలని జానెడు జానెడు చొప్పున వెతుకుతారు. చాలా మందుపాతరలు ప్లాస్టిక్‌తో చేసినవి, వాటిలో లోహం పిసరంత. అంచేత యంత్రం కూసినప్పుడల్లా, అది తుప్పుపట్టిన మేకే కావచ్చు గాని, మృత్యువే అనుకుని మట్టి తియ్యాలి. ఒక మందుపాతర తయారుచెయ్యడానికి 3 నుంచి 30 డాలర్లు, దాన్ని తియ్యడానికి 300 నుంచి 1000 డాలర్లు అవుతుందని ఐక్యరాజ్యసమితి లెక్క.

ఇది బియ్యంలో రాళ్ళు ఏరే పనిలాంటిదే. శుభ్రంగా ఏరిన రోజున “ఇవాళ ఒక్క రాయీ తగల్లేదు” అని భోజనాల దగ్గర ఎవరూ మెచ్చుకోరు. తగిలిన రోజునే మాట వస్తుంది. ఏమీ జరక్కుండా చూసే పనికి లోకంలో పేరు రాదు. ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

కాలు పోయినవాడికి జైపూరు కాలు పెట్టిస్తే, అతను లేచి నాలుగడుగులు వేస్తాడు, దణ్ణం పెడతాడు. ఇచ్చినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. అది గొప్ప పనే, కాదనను. కాని మందుపాతర తీయిస్తే దణ్ణం పెట్టేదెవరు? పోకుండా దక్కిన కాలు ఎవరిదో ఇచ్చినవాళ్ళకి తెలీదు. ఆ కాలు ఉన్నవాడికే తెలీదు! 1997 జనవరిలో యువరాణి డయానా కవచం తొడుక్కుని అంగోలాలో మందుపాతరల నేల మీద నడిస్తే లోకమంతా అటు చూసింది. మొహం లేని ఉపకారానికి ఆవిడ తన మొహం అరువిచ్చింది. ఆ ఏడు డిసెంబరులోనే మందుపాతరల్ని నిషేధించే ఒప్పందం మీద ఒటావాలో దేశాలు సంతకాలు చేశాయి.

మొహం లేని ఉపకారంతో చిక్కేమిటంటే, దాన్ని ఆపెయ్యడం బహు తేలిక. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు ఎన్నో దేశాల్లో మందుపాతరలు తీసేవాళ్ళు పని మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. ప్రమాదం ఉన్నచోట ఎర్ర కర్రలు పాతి ఉంచుతారు, నిజమే. ఆ కర్రలు వానకి పుచ్చిపోవూ? పశువులు పడగొట్టవూ?

అంచేత దీన్ని దానం అనడం నాకు నచ్చదు. దానం ఇచ్చేవాడి ఇష్టం, బుద్ధి పుడితే ఇస్తాడు, లేకపోతే లేదు. ఇది బాకీ. పెద్దవాళ్ళంతా కలిసి ఇంకా పుట్టని పిల్లలకి పడ్డ బాకీ. తీరే బాకీయే సుమండీ! మొజాంబిక్ దేశానికి ఇరవయ్యేళ్ళకి పైగా పట్టింది గాని, తెలిసిన మందుపాతరలన్నీ తీసేశామని 2015 సెప్టెంబరులో ప్రకటించగలిగింది.

బాకీ అన్నాక కొత్త అప్పు చెయ్యకపోవడం కూడా అందులో భాగమే. శ్రీలంక 2017లో ఒటావా ఒప్పందంలో చేరింది. మన దేశం చేరలేదు. అమెరికా, రష్యా, చైనాలు కూడా చేరలేదు. రష్యా భయంతో 2025లో ఫిన్లాండ్, పోలండ్ లాంటి దేశాలు అందులోంచి తప్పుకోవడానికి నిర్ణయించుకున్నాయి. సరిహద్దున శత్రువు ఉన్నవాళ్ళ భయాన్ని ఇంట్లో కూచుని తీసిపారెయ్యలేను. కాని ఇవాళ పాతేవాళ్ళు, రేపు ఎవరి మనవరాలు మోకాళ్ళ మీద కూచుని వాటిని తియ్యాలో ఒక్కసారి తలుచుకుని పాతాలి.

ముహమాలైలో బడికి వేళ మించిపోయిన పిల్ల పొలానికి అడ్డంపడి పరిగెడుతూంటే, వాళ్ళమ్మ గుమ్మంలోంచి “చెప్పులు తొడుక్కోవే, ముల్లు గుచ్చుకుంటుంది!” అని కేకెయ్యాలి. ఆ తల్లికి అంతకు మించిన భయం ఇంకేదీ గుర్తు రాకూడదు.