చిల్లర లెక్క, గల్లాపెట్టె వెనుక మనిషి

ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో 199 రూపాయల భోజనానికి 200 రూపాయల నోటు ఇచ్చినవారికి రూపాయి తిరిగి రావడం న్యాయమే గాని, ఆ రూపాయి లేక క్యాషియర్ చాక్లెట్ చేతిలో పెట్టినప్పుడు పుట్టే అనుమానం, అలాంటి ధర నిర్ణయించిన యాజమాన్యం మీదికి కాక, ఎదురుగా నిలబడిన ఉద్యోగి మీదికే మళ్లుతుంది. పనివేళ మొదట్లో చిల్లర కోసం గల్లాపెట్టెలో ఉంచే సొమ్మును ఫ్లోట్ అంటారు. వేళ ముగిశాక ఆ సొమ్మును, బిల్లుల మొత్తాన్ని, మిగిలిన నగదును సరిచూసినప్పుడు లోటు తేలితే, దాన్ని జీతంలోంచి కోసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది కనుక, క్యాషియర్‌కు చిన్న పొరపాటు కూడా చిన్నది కాదు. ఇక చిల్లర నాణేల సంగతికొస్తే, 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెలామణీలోంచి తొలగినా, అర్ధరూపాయి నేటికీ చట్టబద్ధమైన నాణెమే. విచిత్రమేమంటే, దాన్ని చూసి మొహం చిట్లించేవారిలో కౌంటరుకు ఇవతలివారూ ఉన్నారు. 2016లో వచ్చిన యూపీఐ, అంటే ఫోను ద్వారా ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు తక్షణం సొమ్ము పంపే ఏర్పాటు, ఈ చిల్లర తగవును తగ్గించింది గాని, నగదు ఇచ్చేవారి విషయంలో అది అలాగే మిగిలింది. శ్రోతలు వీలైనంతవరకు సరిపడా చిల్లరతో వెళ్లాలి; లేనప్పుడు తమ రూపాయిని తప్పక అడగాలి, కాని నేరం మోపే గొంతుతో మాత్రం కాదు.