పందెం కట్టనివాళ్ళు

నేనెక్కే రైలు హడ్సన్ నది ఒడ్డునే పోతుంది. న్యూయార్కు పొలిమేరలో రివర్‌డేల్ అని ఒక స్టేషను. 1852 జూలై 28న ఆ దగ్గరే 'హెన్రీ క్లే' అనే స్టీమరు తగలబడి, దాదాపు ఎనభై మంది పోయారు.

ఆ పొద్దున ఆల్బనీ నుంచి అది 'ఆర్మీనియా' అనే మరో స్టీమరుతో పోటీపడి వచ్చింది. ముందు రేవు చేరినవాడిదే గిరాకీ. మన ఊళ్ళలో ప్రైవేటు బస్సుల పరుగు లోపల కూర్చుని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దారిలో రెండూ రాసుకున్నాయి. ప్రయాణికులు వద్దని మొత్తుకున్నారు. భయం లేదన్నారు సిబ్బంది. పందెం సద్దుమణిగాక, మధ్యాహ్నం, పడవ నడిమధ్య మంటలు లేచాయి. ముందు భాగాన్ని ఒడ్డుకెక్కించారు గానీ, వెనక ఉన్నవాళ్ళకి మిగిలినవి మంటలూ నీళ్ళే.

పోటీ ఉంటే లాభం ప్రయాణికుడికే అంటారు. కొంత నిజమే. ఈ నది మీద గుత్తాధిపత్యాన్ని 1824లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1834లో వాండర్‌బిల్ట్ రంగంలోకి దిగి, మూడు డాలర్ల ఆల్బనీ టికెట్టుని తగ్గించుకుంటూ పోయి చివరికి ఉచితం చేశాడు. రాబడి భోజనాల మీద! ప్రత్యర్థులు లక్ష డాలర్లు, పైన పదేళ్ళు ఏటా ఐదు వేలు ఇస్తామని ఆయన్ని నది మీంచి సాగనంపారు. టికెట్టు మళ్ళీ మూడు డాలర్లయింది. ఆ బేరంలో ప్రయాణికుణ్ణి ఎవరూ సంప్రదించలేదు.

"చౌకకీ వేగానికీ ఎగబడింది జనమేగా, పాపంలో వాళ్ళకీ వాటా లేదా?" అని ఒక మిత్రుడు వాదించాడు. లేదనే అంటాను. టికెట్టు కొన్నవాడు త్వరగా చేర్చమన్నాడు, బాయిలరు మీద తన పెళ్ళాం పిల్లల్ని పందెం కాయమనలేదు. ఆపమని అరిచినా ఆపే మీట అతని చేతిలో లేదు. ఆ ఆగస్టులోనే కాంగ్రెసు ఆమోదించిన చట్టం బాయిలర్ల తనిఖీ కట్టుదిట్టం చేసి, పైలట్లకీ ఇంజనీర్లకీ లైసెన్సు తప్పనిసరి చేసింది. మీట ఎవరి చేతిలో ఉందో చట్టానికి తెలుసు.

నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటుంది. యజమానుల్లో ఒకడైన థామస్ కాలియర్ ఆ రోజు ఆ పడవలోనే ఉన్నాడు. తెలిసి తెలిసి తన ప్రాణం మీదికి తెచ్చుకుంటాడా అన్న ప్రశ్న సహజమే. కానీ జూదగాడు తన ఆస్తీ ఒడ్డాడు కదా అని పక్కింటివాడి ఆస్తి ఒడ్డితే ఒప్పుకుంటామా? కాలియర్ బతికి బయటపడ్డాడు. తర్వాత విచారణలో జ్యూరీ అతన్నీ తక్కిన నిందితుల్నీ నిర్దోషులని వదిలేసింది.