గూట్లో ఫోను

"ఎదురు మాట్లాడకు" అంటాం. ఎదురుగా ఉన్న పిల్ల ఎదురు కాక ఇంకెటు మాట్లాడాలి?

మనూర్ మండలంలో ఒక ఇల్లు. దసరా పోగానే తల్లిదండ్రులు చెరుకు నరకబోయారు. నారాయణఖేడ్ పల్లెల్లో, తండాల్లో ఏటా ఉండేదే. తొమ్మిదేళ్ల పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటోంది. పొద్దుగూకితే ఫోను గూట్లో పెట్టాలి. అది ఆ ఇంటి కట్టు.

"నిన్న రాత్రి నువ్వు మాట్లాడినవ్ గద! నాకొక్కదానికేనా?"

ముసలామె జొన్నరొట్టె తడుతోంది. చప్పుడు ఆగలేదు. "అవ్, మాట్లాడిన. మీ అమ్మతోని. ఫోను గూట్ల వెట్టు."

"నువ్వు మంచిదానివి కాదు."

"కాకపోతే కాదు తియ్. ఫోను గూట్ల వెట్టు బిడ్డా."

మూడోసారీ అదే మాట, అదే గొంతు. పెనం మీది రొట్టెకు తడిచెయ్యి రాసి తిరగేసింది. పిల్ల ఫోను పెట్టింది, విసురుగానే. ఆ విసురు గురించి ముసలామె ఒక్క మాటా అనలేదు. నేనైతే సరిగ్గా అక్కడే పట్టుకునేవాణ్ణి.

కఠోపనిషత్తులో నచికేతుడు చేసిందీ ఈ పిల్లలాగా ఎదురు మాట్లాడడమే. తండ్రి ముసలి ఆవుల్ని దానమిస్తుంటే చూసి, "నన్నెవరికిస్తావు" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మూడోసారికి తండ్రి నోరు జారింది: యముడికి. తప్పు పట్టిన పిల్లాడి మాట నిజం, అదుపు తప్పింది పెద్దాయన. యముడు మూడు వరాలిస్తే ఆ పిల్లాడు మొదట కోరింది తండ్రి కోపం చల్లారాలనే. బ్రహ్మవిద్య తర్వాతి సంగతి. ఆ వరం పిల్లలు అడగాల్సి రావడమే నాకు మింగుడుపడదు.

పెద్దల కోపం నుంచి పిల్లల్ని కాపాడాలనే బళ్ల తనిఖీ అధికారిగా పనిచేసిన రచయిత చలం 'బిడ్డల శిక్షణ' రాశాడు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో దెబ్బతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంటి గడప దాకా ఆ సెక్షన్ రాదు.

అయినా ఒక అనుమానం. ప్రశాంతత కూడా పెద్దల చేతి కర్రేనేమో? అరవకుండా గెలిస్తే ఇంకా గట్టి గెలుపు కదా. రాతిగోడా అరవదు, మాటా మార్చదు. ఆ ముసలామె గోడ కాకపోవడానికి కారణం ఆ "అవ్" అనుకుంటాను. పిల్ల మాటలో నిజమున్నంత మేర ఒప్పుకుంది. కట్టు మాత్రం సడలించలేదు. ఈ రెండూ ఒకే గొంతులో పలకడం మనలో ఎందరికి చేతనవును?

మర్నాడు పొద్దున పిల్లకు జడ వేస్తూ ముసలామె తనే ఫోను మాటెత్తింది. అమ్మ ఫోను చేస్తే ఇద్దరూ మాట్లాడొచ్చు, అయిపోగానే గూట్లోకి.

"మరి రాత్రే చెప్పొచ్చు గద?"

"రాత్రి నువ్వు లొల్లి వెడుతుంటివి."

దానికీ పిల్ల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. బడికి వేళైంది.