పల్లెవెలుగు చార్టు

మొన్న జూన్‌లో పిన్నీ బాబాయీ డాలస్ నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు, ఒకరోజంతా జెర్సీ సిటీ తిప్పడానికి నేనొక ప్లాన్ వేశాను. ఎక్సెల్ షీటులో వేశాను. తొమ్మిదింటికి న్యూవార్క్ అవెన్యూలో టిఫిను. పదిన్నరకి లిబర్టీ స్టేట్ పార్కు. పదకొండింటికి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గరికి లాంచీ. రెండింటికి ఇంట్లో కలిపి పట్టుకెళ్ళిన పెరుగన్నం. నాలుగింటికి హడ్సన్ ఒడ్డున కోల్గేట్ గడియారం. ఏడింటికి మళ్ళీ న్యూవార్క్ అవెన్యూలో బిర్యానీ. కారెక్కడ పెట్టాలో, బాత్రూములెక్కడున్నాయో కూడా ఒక గడిలో రాసి, ప్రింటు తీసి బాబాయి చేతికిచ్చాను.

బాబాయి ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు చేసి రావులపాలెం డిపోలో కంట్రోలర్‌గా రిటైరయ్యాడు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. వెనకాల ఏమన్నా ఉందేమోనని తిప్పి కూడా చూశాడు. "ఒరేయ్, ఇది సూపర్ లగ్జరీ చార్టురా. మధ్యలో ఎక్కేవాడూ లేడు, దిగేవాడూ లేడు. మేం పల్లెవెలుగు వాళ్ళం. చెయ్యెత్తినచోట ఆపాలి" అన్నాడు.

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట నా బుర్రకెక్కేసరికి సాయంత్రమైంది.

కొత్త ఊళ్ళో ఏం తినాలి, ఎక్కడ దిగాలి అని రాసిపెట్టుకోవడం మనకేం కొత్త కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, పదిహేను నెలలకు పైగా తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, దిగడానికి చోటుందా, ముందున్న దారి ఎలాంటిది అని వరసపెట్టి రాసుకుంటూ పోయాడు. గుడి గురించి ఎంత శ్రద్ధో ఉప్పూ పప్పూ గురించీ అంతే శ్రద్ధ. ఏ ఊళ్ళో ఏది బావుంటుందన్న మాట కంటే ఏ ఊళ్ళో ఏది దొరుకుతుందన్న మాటే అందులో పెద్దది. వెనకాల వచ్చేవాడు పస్తు పడుకోకూడదు కదా. ఈ కాలంలో మనం నక్షత్రాలు లెక్కపెట్టుకుని హోటలుకు వెళుతున్నాం గానీ, ఇలాంటి జాబితాలు పుట్టింది పస్తుంటామేమోనన్న భయంలోంచే. నా ఎక్సెల్ షీటు కూడా అందులోంచే పుట్టిందని అప్పటికి నాకు తెలియదు.

పొద్దున టిఫినుకే చార్టు తప్పింది. న్యూవార్క్ అవెన్యూ పై కొస, అంటే జర్నల్ స్క్వేర్ అవతల ఇండియా స్క్వేర్ అనే ఆ నాలుగు అడుగుల వీధి, శనివారం వచ్చిందంటే పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. కారు పెట్టడానికే నలభై నిమిషాలు పట్టింది. పచారీ కొట్ల ముందు పెట్టెల్లో బెండకాయలు, దొండకాయలు, ఏ కొట్టు దగ్గర నించున్నా అగరొత్తుల వాసన. బాబాయి దోసె తిని, "సాంబారు తియ్యగా ఉందిరా, అయినా పర్లేదు" అని రెండోది చెప్పాడు. పిన్ని కాఫీ తాగి కూర్చుంది.

"తినవేం పిన్నీ?"

"డాలస్‌లో నాలుగు నెలల్నుంచి దోసెలు పోసేది నేనేరా. ఇక్కడికొచ్చి కూడా దోసెలేనా?"

కాస్త చిన్నబుచ్చుకున్నాను. నాకు ఈ వీధి అంటే ఒక వీధి కాదు మరి.

2007 అక్టోబరులో అమెరికాలో దిగాను నేను. కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్ హౌస్ జర్నల్ స్క్వేర్ దగ్గరే. రెండు బెడ్‌రూముల్లో ఏడుగురం. ప్రాజెక్టు దొరికేదాకా బెంచి మీద కూర్చోవాలి. వంట వంతులవారీ. నా వంతు మంగళవారం. నాకొచ్చింది టమాటా పప్పు ఒక్కటే కాబట్టి మంగళవారమంటే ఆ ఇంట్లో టమాటా పప్పు. నెలకొక ఆదివారం ఏడుగురం నడుచుకుంటూ ఈ వీధికొచ్చి దోసె తినేవాళ్ళం. బిల్లు టిప్పుతో సహా సెంట్ల దాకా పంచుకునేవాళ్ళం. దోసె తిన్న ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే గొంతు బాగుండేది. మా అమ్మ కనిపెట్టేసేది.

అంతకుముందు, దిగిన మొదటి వారంలోనే, ఒక సాండ్‌విచ్ కొట్టుకెళ్ళాను. కౌంటరు వెనక అమ్మాయి ఏ బ్రెడ్డు అంది, ఏ చీజు అంది, ఆకులేమిటి, సాసేమిటి అని వరసగా అడిగింది. సగం అర్థం కాలేదు, మళ్ళీ అడగడానికి నోరు రాలేదు, వెనకాల క్యూ ఉంది. అన్నిటికీ ఎస్ అన్నాను. చేతికొచ్చిన దాంట్లో తీపి సాసు, ఆవపిండి ముద్ద, ఊరబెట్టిన మిరపకాయ చక్రాలు, ఏడు రకాల ఆకులు. పెట్టిన డబ్బు రూపాయల్లో లెక్కేసుకుని, పారేయడానికి మనసొప్పక, కళ్ళనీళ్ళు కారుతుండగా పూర్తి చేశాను.

నాకంటే ముందు ఈ వీధికి వచ్చినవాళ్ళు రాసుకున్న జాబితా వేరు. 1987 వేసవిలో ఈ ఊరి పత్రిక జెర్సీ జర్నల్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. భారతీయులను ఊళ్ళోంచి వెళ్ళగొడతామని, దారిలో కనిపిస్తే కొడతామని బెదిరింపు. రాసినవాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు డాట్ బస్టర్స్. డాట్ అంటే మన బొట్టే. ఆ సెప్టెంబరులోనే పక్కనున్న హోబోకెన్‌లో ఒక భారతీయుడిని కొట్టి చంపారు. ఈ ఊళ్ళోనూ దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. అప్పట్లో ఊరు తిరగడానికి ప్లాన్ వేసుకోవడమంటే ఏ సందులోంచి పోకూడదో, ఏ వేళకల్లా ఇల్లు చేరాలో రాసుకోవడం. జర్నల్ స్క్వేర్‌కి పేరిచ్చింది ఆ ఉత్తరం అచ్చయిన పత్రికే. 1867లో మొదలై 2025 ఫిబ్రవరిలో మూతపడింది. దోసె వాసన మాత్రం వీధిలో అలాగే ఉంది. పిన్ని కాసంత బొట్టు పెట్టుకుని ఆ పేవ్‌మెంటు మీద నడుస్తూ దొండకాయలు విరిచి చూస్తుంటే, కొట్టువాడు విరవొద్దని గుజరాతీలో కేకలేశాడు. అంతకంటే ఏమీ జరగలేదు.

లాంచీ తప్పిపోయింది. తరవాతి దానికి ఎండలో క్యూ చూసి పిన్ని "నేను నించోలేను బాబూ" అని పార్కులోనే ఉన్న పాత రైల్వే టెర్మినల్ లోపలికి వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణించి చూస్తే స్టాచ్యూ రెండు కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది, కాకపోతే జెర్సీ వైపు కనిపించేది వెనక భాగం. "పలకరిద్దామని ఇంత దూరం వస్తే వీపు చూపిస్తోందేమిటిరా" అని పిన్ని నవ్వింది.

ఆ టెర్మినల్ నా షీటులో లేదు. పార్కింగు గడిలో గుర్తు కోసం మాత్రం రాసుకున్నాను. బాబాయి అక్కడే ఆగిపోయాడు. 1889లో కట్టిన స్టేషను. 1967లో ఆఖరి రైలు వెళ్ళిపోయింది. వెనక వైపు ఇరవై పట్టాల షెడ్డు ఉంది, కంచె వేసేశారు, పట్టాలుండాల్సిన చోట చెట్లు మొలిచి ఇనప స్తంభాలను పట్టుకుని పైకి పాకాయి. బాబాయి కంచె పట్టుకుని లోపలికి చూస్తూ ప్లాట్‌ఫారాలు లెక్కపెట్టాడు. రోజుకు ఎన్ని సర్వీసులు, ఒకటి లేటయితే రెండోదాన్ని ఎక్కడ ఆపేవాళ్ళు, అనౌన్స్‌మెంటు ఏ భాషలో చేసేవాళ్ళు అని అడిగాడు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ఫోన్ తీసి చదవబోతే వద్దన్నాడు. "చూడనియ్యరా" అన్నాడు.

చదివిందేదో కొంత చెప్పాను. ఎదురుగా ఉన్న ఎల్లిస్ ఐలాండ్‌ని 1892లో తెరిచి 1954లో మూశారని, కోటీ ఇరవై లక్షల మంది అక్కడ దిగారని, వాళ్ళలో చాలామంది పడవలో ఈ ఒడ్డుకొచ్చి ఈ స్టేషన్లోనే రైలెక్కి దేశంలోకి పోయారని. దారిలో తినడానికి ఆ దీవిలోనే డబ్బా భోజనాలు అమ్మేవారని. అక్కడ జీవితంలో మొదటిసారి అరటిపండు చూసి, ఎలా తినాలో తెలియక తొక్కతో సహా తిన్నామని ముసలితనంలో చెప్పుకున్నవాళ్ళు ఉన్నారని.

బాబాయిది రావులపాలెం. అరటి మార్కెట్టు ఊరు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత, గెల చూసి పేరు, పేరు విని రేటు చెప్పే ఊరు. అరటిపండు తొక్కతో తిన్నారంటే పడీపడీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పక్కవాణ్ణి అడగడానికి మొహమాటపడుంటాడ్రా పాపం" అన్నాడు.

నా సాండ్‌విచ్ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అక్కడ బల్ల మీద కూర్చుని చెప్పాను. పిన్ని నవ్వి నవ్వి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

పెరుగన్నం డబ్బా ఎవరూ మూత తియ్యలేదు. "విమానంలోనూ అదే పెట్టుకొచ్చానురా. ఇక్కడివాళ్ళు ఏం తింటారో అది పెట్టు నాకు" అంది పిన్ని. మాంసం ముట్టదు, గుడ్డు ముట్టదు. న్యూవార్క్ అవెన్యూ కింది కొసకు, గ్రోవ్ స్ట్రీట్ స్టేషన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ కార్లు రానివ్వరు, రోడ్డంతా బల్లలూ కుర్చీలూ. పొద్దున దోసె తిన్న రోడ్డూ ఇదే రోడ్డు, రెండు చివరలకీ మధ్య రెండు మైళ్ళు కూడా ఉండదు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, మా ఇంటికొచ్చిన పెద్దవాళ్ళెవరినీ ఈ చివరకు తీసుకురాలేదు నేను. వాళ్ళకు పడదని నాకు నేనే అనేసుకున్నాను.

కాగితపు పళ్ళెంలో పిజ్జా ముక్క వచ్చింది. పక్క బల్ల కుర్రాడు ముక్కను నిలువునా మడిచి కొస నుంచి కొరకడం పిన్ని చూసింది. తనూ అలాగే మడిచింది. నూనె మోచేతి దాకా కారింది. నమిలి, కాసేపు ఆలోచించి, "రొట్టె మీద టమాటా పచ్చడి. పోపొక్కటే తక్కువ" అంది. రెండో ముక్క తింది. బాబాయి ముట్టలేదు. పొద్దున తిన్న రెండు దోసెలే కడుపులో ఉన్నాయని, మళ్ళీ ఆకలేస్తే మళ్ళీ అక్కడికే పోదామన్నాడు.

షీటులో వాళ్ళిద్దరికీ కలిపి ఒకటే గడి ఉంది. "పిన్ని-బాబాయి" అని రాశాను. అందులో ఉన్నది పిన్నీ కాదు, బాబాయీ కాదు. 2007లో సూట్‌కేసుతో దిగిన కుర్రాడికి ఎక్కడ అన్నం దొరుకుతుందో, ఎక్కడ నోరు తెరిచి అడగక్కర్లేదో, ఎక్కడ తలదించుకోకుండా తినొచ్చో అవన్నీ వరసగా రాసి, పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా వాళ్ళ చేతిలో పెట్టాను. వాడికి చాలా మంచి ప్లానది. పెరుగన్నంతో సహా.

ఆ మాటకొస్తే చుట్టాలకు మనం ఊరు చూపించడమంటే సగం మనల్ని చూపించుకోవడమే అనిపిస్తుంది నాకు. అందులో తప్పేమీ లేదు, వాళ్ళూ దానికోసమే వస్తారు. కాని ఊరు మిగతా సగంలో ఉంటుంది. వాళ్ళ కాళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడ ఉంటుంది. కంచె పట్టుకుని బాబాయి ప్లాట్‌ఫారాలు లెక్కపెట్టే దాకా ఆ టెర్మినల్ నాకు పార్కింగు గుర్తే.

కోల్గేట్ గడియారం చూడలేదు. 1924 నాటిది, యాభై అడుగుల వెడల్పు, వచ్చే ఏడూ ఉంటుంది. బిర్యానీ కూడా తినలేదు. చీకటి పడ్డాక బాబాయి మాట ప్రకారం మళ్ళీ పై కొసకే పోయి దోసె తిన్నాం. ఈసారి పిన్ని కూడా తింది, "పిండి పులిసింది ఇప్పుడు సరిగ్గా" అంటూ.

అక్టోబరులో మా మేనత్త వస్తోంది. షీటు పంపలేదు. ఫోన్ చేసి ఏం తింటావత్తా అని అడిగాను. వచ్చాక చూద్దాంలే అంది.

మీరెవరైనా ఇటు వస్తే ఒక్క మాట. శని, ఆదివారాల్లో ఇండియా స్క్వేర్‌కి కారులో రావద్దు. రైల్లో జర్నల్ స్క్వేర్‌లో దిగండి, అక్కణ్ణించి నడిస్తే పది నిమిషాలు.