ఇసక కింద గీత

విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో ఒక పల్లె. భూగర్భశాస్త్రం చదివే ఇద్దరు కుర్రాళ్లకి మాస్టారు చెరో టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే పటం) ఇచ్చి అక్కడ దింపారు. ఏ రాయి ఎందాకా ఉందో నడిచి చూసి, హద్దులు గీసుకు రావాలి.

దక్షిణపు కొండ ఖోండలైటు రాయి. పేరులో మన కొండే వినిపిస్తుంది గానీ, 1902లో దానికి ఖోండు గిరిజనులను బట్టి ఆ పేరు పెట్టారు. పైన ఎర్రగా చివికిపోయి ఉంటుంది. పగలగొడితే దానిమ్మ గింజల్లా గార్నెట్లు. ఉత్తరాన చార్నోకైటు. నూనె పట్టిన సన్నికల్లులా నల్లగా ఉంటుంది, సుత్తి వేస్తే ఖంగుమంటుంది. రోడ్డు కోసం కొండ తొలిచిన చోట ఈ రెండిటి హద్దు బయటపడింది. ఇద్దరూ దాని మీద చెయ్యి పెట్టి చూశారు, కంపాస్‌తో దిశ, వాలు కొలిచారు. అక్కణ్నుంచి సముద్రం దాకా ఇసకే.

పొడుగు కుర్రాడు స్కేలు పెట్టి, గీతని అదే దిశలో తిన్నగా సముద్రందాకా లాగేశాడు. పటం ముగ్గులా ముచ్చటగా వచ్చింది. పొట్టివాడు కూడా అదే దిశ పట్టుకున్నాడు గానీ, ఇసక మొదలైన దగ్గర గీత ఆపేసి చుక్కలు పెట్టాడు. వాడి పటం ఎలకలు కొట్టిన వలలా ఉంది.

మాస్టారు ఒడ్డు దగ్గరే రెండూ చూశారు. మొదటిదాన్ని మెచ్చుకుని పక్కన పెట్టారు. రెండోది చూస్తూ, "ఈ చుక్కల దగ్గర రాయి ఎక్కడా పైకి రాలేదా?" అన్నారు.

ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ముసలాయన అందుకున్నాడు. "ఇసకలో ఎతికితే ఏటి దొరుకుతాది బాబూ? అమాసకి నీరు ఎనక్కి లాగినప్పుడు రండి. మా వలలు పట్టేసే రాళ్లు అప్పుడు తేలతాయి."

అమావాస్య ఆటుకి వెళ్లారు. పాచి పట్టిన రాళ్లు వరసగా తేలాయి. ఇద్దరూ చార్నోకైటు అనుకున్న చోట సుత్తి వేస్తే గార్నెట్లు మెరిశాయి. హద్దు ఇసక కింద వంపు తిరిగి, ఉత్తరంగా ఇంకో 150 మీటర్లు జరిగింది. టోపోషీటు మీద అది మూడు మిల్లీమీటర్లే. పొట్టివాడు చుక్కలు చెరిపి, కొత్త గీత గీశాడు. పొడుగువాడు రబ్బరు కోసం జేబులు తడుముకున్నాడు.

నీతి: ఇక్కడ ఇద్దరి ఊహా తప్పే, అదీ ఒకే చోట, ఒకే కొలతలో. పొట్టివాడు ఎక్కువ తెలివైనవాడని ఈ కథ చెప్పడం లేదు. ఊహించకుండా భూగర్భ పటం ఎవరూ గీయలేరు. రాయిలో ఎక్కువ భాగం మట్టి, ఇసక, పొలం, ఇళ్ల కిందే ఉంటుంది. అందుకే కంటితో చూసిన హద్దుకి నిండు గీత, సుమారుగా తెలిసినదానికి తెగిన గీత, కప్పబడిపోయినదానికి చుక్కలు అని ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. నిండు గీత చూసినవాడు ఇక్కడ పని అయిపోయిందనుకుని వెళ్లిపోతాడు. మాస్టారంతటి వారే ఆ పటాన్ని మెచ్చుకుని పక్కన పెట్టేశారు. ముసలాయన నోరు విప్పింది చుక్కల గురించి అడిగినందుకే.